గోదావరి గొట్టం పక్కన ఆగాగి పోస్తున్న బోర్లు

సికింద్రాబాదు నుంచి కరీంనగరు పోయే రాజీవ్ రహదారి వెంట, నేల కింద, ఒక పెద్ద గొట్టం వుంది. ఎల్లంపల్లి దగ్గర గోదావరి నీళ్ళను ఎత్తి, సుమారు 186 కిలోమీటర్ల పొడవునా తోసుకుంటూ తెచ్చి, మేడ్చల్ మండలంలోని ఘన్‌పూర్ దగ్గర పోసే గొట్టం అది. అక్కడి నుంచి నగరంలోని పేటలకు పంచుతారు. 2015 చివరిలో ఈ నీళ్ళు హైదరాబాదు చేరాయి. ఏటా 10 టిఎంసీలు తేవాలని వేసిన పథకం ఇది. అంటే రోజుకు 77 కోట్ల లీటర్ల పైచిలుకు.

తుర్కపల్లి, లాల్‌గడి మలక్‌పేట, అలియాబాదు, శామీర్‌పేట ఊళ్ళ పక్కగా గోదావరి ఇట్లా నగరానికి పోతున్నది. ఈ ఊళ్ళ పొలాలలో మాత్రం వానలు సరిగా పడని ఏట శివరాత్రి వచ్చేసరికి బోర్లు ఆగాగి పోస్తాయి. పొట్ట మీదున్న వరి కళ్ళ ముందే పసుపుపచ్చగా తిరుగుతుంది. కింద నది పోతుంటే పైన మడి ఎండడమేమిటని రైతు అడిగితే, ఆ నీళ్ళు తాగడానికి, పొలానికి కాదు అని జవాబు.

నగర ప్రజల దాహం తీరవద్దని ఏ రైతూ అనడు. బోయినపల్లి మార్కెట్టుకు తెల్లవారుజామున కూరగాయలు తోలేది ఈ రైతే. నగరానికి కూడు పెట్టేవాడు నగరానికి నీళ్ళు వద్దంటాడా? కాని నగరం ఈ పల్లెల నుంచి ఏమేం తీసుకుంటున్నదో, బదులుగా ఏమిస్తున్నదో ఒకసారి లెక్క వేసుకోవలసి వుంది.

చెరువు చేతుల్లోంచి బావిలోకి

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానికి జీవనది లేదు. ఇక్కడ వ్యవసాయం మొదటి నుంచీ చెరువు మీద బతికింది. శామీర్‌పేట పెద్దచెరువు నిజాం కాలంలో కట్టినది. ఇవాళ అది నగరంవాళ్ళు ఆదివారం నాడు వచ్చి గాలి పీల్చుకుని పోయే విహారస్థలం, సినిమావాళ్ళకు షూటింగు స్థలం. కాని ఆ కట్ట వేసింది ఫోటోలు తీసుకోవడానికి కాదు. కట్ట కింద తూము వుంటుంది, తూము కింద కాలువ, కాలువ కింద ఆయకట్టు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువులోకి నీళ్ళు. తెలంగాణ అంతటా ఇట్లా గొలుసుకట్టుగా కట్టారు.

ఆ నీళ్ళు పంచడానికి నీరటికాడు వుండేవాడు. ఎక్కువ ఊళ్ళలో ఆ పని చేసింది దళిత కుటుంబాలవాళ్ళే. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు కట్టాలి, ఆఖరి మడికి చేరాయా లేదా అన్నది అతను చూసేవాడు. కోతలప్పుడు కల్లంలో ఇన్ని గింజలు కొలిచేవారు. ఆ ఏర్పాటును ఇవాళ తలచుకుని మురిసిపోనక్కర లేదు. దొర మడి తడిసిన తర్వాతే మిగతావాళ్ళ వంతు వచ్చిన ఊళ్ళు కొల్లలు. 1984లో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దయింది, కావలసిందే. కాని నీటి వంతులు చూసే పని ఇక ఎవరిదన్న ప్రశ్న అట్లాగే వుండిపోయింది. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. ఆ ఉత్సాహం కొన్నేళ్ళకే చల్లారింది.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో 46,531 చెరువులు లెక్కతేలాయి. పూడిక తీశారు, ఆ మట్టిని రైతులు సొంత ఖర్చుతో చెలకలకు తోలుకున్నారు. మంచి పనే. అయితే చెరువు లోతు చేసినంత మాత్రాన నీళ్ళు నిండవు. పైనుంచి నీళ్ళు తెచ్చే పాటుకాలువ బతికి వుండాలి. ఈ ప్రాంతంలో పాటుకాలువ వెంట నడిచి చూడండి. కొంతదూరం పోగానే ప్లాట్ల రాళ్ళు తగులుతాయి. ఇంకొంత దూరం పోతే గోడ. గోడ అవతల కాలువ ఏమైందో కాగితం మీద మాత్రమే తెలుస్తుంది. శిఖం భూమిలో వేసిన వెంచర్ల సంగతి చెప్పనే అక్కర లేదు. 2024 జూలైలో పెట్టిన హైడ్రా సంస్థ నగరం చుట్టూ చెరువుల ఆక్రమణల మీదికి పోతున్నది. చెరువు పూర్తి మట్టం గీత దాటిన గోడ కూల్చడం ఒక ఎత్తు, పైనున్న పాటుకాలువను తిరిగి తెరవడం ఇంకో ఎత్తు. పేదవాడి రేకుల గుడిసె మీదికి పోయినంత వేగంగా పెద్దల ప్రహరీ మీదికి పోతారా అన్నది జనం గమనిస్తూనే వుంటారు.

చెరువు నమ్మకం తగ్గుతున్నకొద్దీ రైతు బావి మీద పడ్డాడు. మోట పోయి ఆయిలింజను వచ్చింది, ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చింది, బావి ఎండి బోరు వచ్చింది. ఒకప్పుడు ఈ బావుల మీదే ఈ నేలంతా ద్రాక్ష పందిళ్ళు పరుచుకుని వుండేవి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చాడని చెప్పే అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు నగరం చుట్టుపక్కల నేలలే పుట్టినిల్లులాంటివి. కొంపల్లి మొదలు మేడ్చల్ దాకా పందిళ్ళు చూసినవాళ్ళు ఇంకా వున్నారు. తీగ తెగుళ్ళు కొంత, నీళ్ళు అడుగంటడం కొంత, భూమి ధర కొంత, మూడూ కలిసి ఆ పందిళ్ళను పీకేశాయి. రాతి కూసాలు కొన్ని చోట్ల ఇంకా వున్నాయి. ఇప్పుడు వాటికి ముళ్ళతీగె చుట్టి ప్లాటు హద్దులుగా వాడుకుంటున్నారు.

ఒక ఎకరం వరికి ఎన్ని ఎకరాల వాన?

ఇక్కడి నేల కింద వున్నది నల్లరేగడి కాదు, ఇసుక పొర కాదు. గ్రానైటు బండ. పైన కొన్ని గజాలు చివికిన రాయి, ఆ కింద గట్టి బండలో అక్కడక్కడ పగుళ్ళు. నీళ్ళు నిలిచేది ఆ చివికిన పొరలో, ఆ పగుళ్ళలో మాత్రమే. కోస్తా డెల్టాలో మాదిరి కింద సముద్రమంత నీరు వుండదు. అందుకే పక్కపక్క పొలాలలో ఒకరికి బోరు పడుతుంది, ఇంకొకరికి దుమ్ము లేస్తుంది. వెయ్యి అడుగులు దింపినా పగులు తగలకపోతే తగలనట్టే. లోతుకు పోతే నీళ్ళు తప్పక వుంటాయన్నది బోరు బండివాడికి పనికొచ్చే నమ్మకం, రైతుకు కాదు.

ఇక లెక్క చూద్దాం. ఈ ప్రాంతంలో ఏటా పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే ఒక ఎకరం మీద పడేది 32 లక్షల లీటర్లు. ఇందులో ఇట్లాంటి బండ నేలలో భూగర్భానికి చేరేది పదో వంతుకు అటూ ఇటూ, అంటే మూడు లక్షల లీటర్ల చిల్లర. మిగతాది ఆవిరవుతుంది, చెట్టూ చేమా తాగుతాయి, వాగున పోతుంది.

యాసంగి వరి ఒక ఎకరానికి మనం బోరుతో తోడేది తక్కువలో తక్కువ 48 లక్షల లీటర్లు. ఇందులో సగం మళ్ళీ మడిలోంచి కిందికి ఇంకుతుందనుకుందాం. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరంలో ఎన్‌జిఆర్‌ఐ వారు, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి చేసిన పరిశీలనలో కూడా వరి మడి నుంచి గణనీయమైన భాగం తిరిగి భూమిలోకి పోతుందని తేలింది. సగం పోయినా, నికరంగా ఖర్చయ్యేది 24 లక్షల లీటర్లు. అంటే ఒక ఎకరం యాసంగి వరిని ఏడెనిమిది ఎకరాల నేలలో ఇంకిన వాన మోస్తున్నది.

రైతు తన ఎకరం మాత్రమే చూసుకుంటాడు. తన బోరులోకి వచ్చే నీళ్ళు చుట్టుపక్కల చెలకలవి, బీళ్ళవి, గుట్టవాలువి. ఆ చుట్టుపక్కల నేల ఏమవుతున్నది? 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మేడ్చల్ పక్కనుంచీ, శామీర్‌పేట పక్కనుంచీ పోయింది. జీనోమ్ వ్యాలీ వచ్చింది, కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, రిసార్టులు, గేటెడ్ కాలనీలు వచ్చాయి. 2025 చివరిలో మేడ్చల్, తూంకుంట మునిసిపాలిటీలను హైదరాబాదు నగరపాలక సంస్థలోనే కలిపారు. సిమెంటు వేసిన చోట వాన ఇంకదు, మోరీలో పడి పోతుంది. అదే చోట కొత్త బోర్లు మాత్రం దిగుతాయి. ఇంకేది తగ్గి, తోడేది పెరిగితే నష్టం ఎవరికి? మొదట ఎండేది వంద, రెండు వందల అడుగుల పాత బోరు. అది సన్నకారు రైతుది.

ఇంకో సంగతి. వేసవిలో ఇక్కడి కొన్ని బోర్ల నీళ్ళు పొలానికి పోవు, ట్యాంకరులోకి పోతాయి. ఎకరం పంట తీసి రెక్కలు ముక్కలు చేసుకున్నా మిగలని పైస, ట్యాంకర్లు నింపితే రోజుకు రోజు చేతికొస్తుంది. అమ్మేవాడిని తిట్టి లాభం లేదు. గిట్టుబాటు ధర లేక సాగు వదిలినవాడు నీళ్ళు అమ్ముకుంటున్నాడు. కాని అతను అమ్మేది తన ఒక్కడి నీళ్ళు కాదు. నేల కింద గట్లు వుండవు. పక్క రైతు టమాట చేనుకు రావలసిన నీళ్ళే ట్యాంకరెక్కి అపార్టుమెంటు సంపులో పడుతున్నాయి. నీళ్ళు దండిగా వుండి పనికిరాని చోట్లు కూడా వున్నాయి. జవహర్‌నగర్ చెత్తగుట్ట నుంచి కారే నల్లరసం పక్కనున్న మల్కారం చెరువును ఏం చేసిందో ఆ చుట్టుపక్కలవాళ్ళను అడిగితే తెలుస్తుంది. నగరం చెత్తంతా పల్లెలోనే.

కరెంటు, చట్టం, కౌలుదారు

కరెంటు చార్జీల మీద జరిగిన పోరాటం పాఠకులకు తెలిసిందే. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ అన్నారు. ఉచిత కరెంటు రైతు హక్కుగా వచ్చింది, దాన్ని ఎవరూ తీసేయడానికి వీల్లేదు. అయితే 24 గంటల సరఫరా మొదలుకాగానే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పుకోవలసి వచ్చింది. రైతులలో కూడా చాలామంది, బోరుకు రాత్రి కొంత తీరిక వుంటే పగలు నీళ్ళు ఊరతాయి అన్నారు. ఈ మాట నిజం. బండ పగుళ్ళలోంచి నీళ్ళు మెల్లగా ఊరుతాయి. రాత్రీ పగలూ తోడితే మోటారు గాలి తీసి కాలుతుంది. కరెంటు ఎన్ని గంటలున్నా పగుళ్ళు ఇచ్చేదే ఇస్తాయి.

2002లో వాల్టా చట్టం వచ్చింది. నీళ్ళు, నేల, చెట్లు కాపాడటానికి అన్నారు. బోరు వేయాలంటే అనుమతి కావాలి, బావికీ బావికీ మధ్య దూరం వుండాలి, నీరు అతిగా తోడిన గ్రామాలలో కొత్త సాగు బోర్లు వేయకూడదు. కాగితం మీద బాగానే వుంది. అమలు మాత్రం ఎప్పుడూ బలహీనుడి దగ్గర మొదలవుతుంది. తాగే బోరు ఎండిన పేద రైతు మూడు వందల అడుగులు దింపుకుంటానంటే కాగితాలు అడుగుతారు. రాత్రికి రాత్రి వెంచరులో దిగే బోర్లను అడిగేదెవరు?

అన్నిటికన్న చిక్కు కౌలుదారుది. ఈ రెండు మండలాలలో భూమి నగరంలోని ఆసామిది, సాగు ఊళ్ళోని పేదది. ఆసామికి పంట అక్కర లేదు, ధర పెరిగేదాకా భూమి ఖాళీగా కనపడకుండా వుంటే చాలు. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే పోయింది, సాగు చేసేవాడికి పోలేదు. డ్రిప్పు సబ్సిడీ అడిగితే పట్టా పాసుపుస్తకం తెమ్మంటారు. మోటారు కాలితే వైండింగు ఖర్చు కౌలుదారుది. బోరు లోతు చేయించాలంటే ఆసామి ‘నాకెందుకయ్యా, వచ్చే ఏడు అమ్మేస్తా’ అంటాడు. నడి పంటలో బోరు ఎత్తిపోతే విత్తనం, ఎరువు, కూలీ, అప్పు మీద వడ్డీ అన్నీ మునిగేది కౌలు రైతే. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం చేశారు. ఆ చట్టం ప్రకారం కార్డులిచ్చి, కార్డున్నవాడికి డ్రిప్పు, బోరు బీమా, పంట నష్టపరిహారం ఇవ్వాలి. ఇది వ్యవసాయ శాఖ పరిధిలోనే తేలే పని, పెద్ద ప్రాజెక్టు కట్టనక్కర లేదు.

పీపా పెట్టి కొలవండి

పాలకుల నుంచి రావలసింది వస్తుంది, పోరాడి తెచ్చుకోవాలి. ఈలోగా నారు పోయక ముందు రైతు తన చేతిలోని పని ఒకటి చేసుకోవచ్చు. రెండు వందల లీటర్ల పీపాను బోరు మూతి కింద పెట్టి గడియారం చూడండి. మోటారు వేయగానే కాదు, గంటసేపు పోసిన తర్వాత. రెండున్నర నిమిషాలలో నిండితే బోరు గంటకు దాదాపు 5,000 లీటర్లు ఇస్తున్నట్టు. తొమ్మిది గంటలు పోస్తే 45,000 లీటర్లు. అది ఒక ఎకరం మీద రోజుకు పదకొండు మిల్లీమీటర్ల తడి. యాసంగిలో వరి మడి ఆవిరికీ ఇంకుడుకూ కలిపి అడిగేది ఇంచుమించు అంతే. అంటే ఆ బోరు కింద వరి ఒక్క ఎకరమే, రెండో ఎకరం ఆశ. అదే బోరు కింద డ్రిప్పుతో కూరగాయలైతే రెండు, రెండున్నర ఎకరాలు వస్తాయి.

పీపా నిండటానికి అయిదు నిమిషాలు పట్టిందా, గంటకు 2,400 లీటర్లే. వరి అరెకరానికి మించి వద్దు. ఇంకో మాట, మాఘంలో కొలిచిన లెక్క చైత్రంలో నిలవదు. ప్రతి పక్షానికీ ఒకసారి కొలిచి గోడ మీద బొగ్గుతోనైనా రాసుకోవాలి.

వరి తప్పదనుకునేవారికి ఆరుతడి పద్ధతి వుంది. చిల్లులు పెట్టిన జానెడున్నర గొట్టాన్ని మడిలో పాతి, లోపల నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్ళీ నీళ్ళు పెట్టాలి. ఎప్పుడూ నిలవ నీళ్ళు వుండాలన్నది కలుపు భయంతో వచ్చిన అలవాటు. పూత సమయంలో మాత్రం మడి ఆరనీయకూడదు. 2003 నుంచి శ్రీ పద్ధతి గురించి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు చెప్పుకుంటూ వచ్చారు. లేత నారు, ఎడంగా నాటు, ఆరుతడి. నీళ్ళు మిగిలిన మాట నిజమే, కాని కలుపు తీసే ఆడకూలీల నడుములు పడిపోయిన మాట కూడా నిజం. కోనో వీడరు ఇచ్చామంటారు. బురదలో దాన్ని తోసి చూసినవాళ్ళకు తెలుస్తుంది ఎంత కష్టమో.

నీళ్ళు తగ్గినప్పుడు అన్ని తడులూ సమానం కాదు. మొక్కజొన్నకు జల్లు వేసి పీచు వచ్చే రోజులలో తడి తప్పితే గింజ పట్టదు. వేరుశెనగకు పూత, ఊడలు దిగే వేళ ముఖ్యం. టమాటకు పూత, కాయ వూరే వేళ. వున్న నాలుగు తడులను ఆ రోజులకు దాచుకుంటే పంట దక్కుతుంది. డ్రిప్పు వేసినవారికి ఒక హెచ్చరిక. నీళ్ళు మిగిలాయని ఇంకో రెండెకరాలు కలిపితే భూగర్భంలో మిగిలేదేమీ వుండదు. డ్రిప్పు తోడే నీళ్ళు తగ్గిస్తుంది, దురాశను తగ్గించలేదు.

ఒక్కడి వల్ల కాదు

ఒక రైతు పొదుపు చేస్తే ఆ నీళ్ళను పక్కవాడి లోతు బోరు లాగేస్తుంది. అందుకే ఊరంతా ఒక లెక్క మీద నడవాలి. ఇది కలలో మాట కాదు. 2003లో మొదలైన ఒక పథకం కింద మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురం, కర్నూలు వంటి ఏడు కరువు జిల్లాలలో రైతులే బావుల నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, ఊళ్ళో నీళ్ళెన్ని వున్నాయో గోడ మీద రాసి, ఏ పంట ఎన్ని ఎకరాలో కూర్చుని తేల్చుకున్నారు. చదువురాని ఆడవాళ్ళు కూడా కొలత తీశారు. మహారాష్ట్రలో హివ్రే బజార్ గ్రామం సాగుకు బోర్లు వేయకూడదని కట్టుబాటు పెట్టుకుని, ఏటా నీటి బడ్జెట్టు వేసుకుంటున్నది. అక్కడా వున్నది ధనిక రైతులూ పేద రైతులూనే, దేవతలు కాదు. మన ఊళ్ళలో అడ్డం ఏమిటంటే, సగం భూమి ఊళ్ళో లేనివాడి చేతిలో వుంది. అతను గ్రామసభకు రాడు. అందుకే ఇక్కడ కట్టుబాటుకు ప్రభుత్వం అండ కావాలి.

మళ్ళీ గొట్టం దగ్గరికి వద్దాం. నగరానికి పోయే 10 టిఎంసీలలో నూరో వంతు ఈ పల్లెల చెరువులకు విడిచారనుకోండి. అది 283 కోట్ల లీటర్లు. ఎకరం ఆరుతడి పంటకు 20 లక్షల లీటర్లు వేసుకుంటే 1,400 ఎకరాల నీళ్ళు. చెరువులో సగం ఆవిరై, ఇంకిపోయినా 700 ఎకరాలు. ఆ ఇంకింది కూడా వృధా కాదు, బోర్లలోకి వస్తుంది. ఇక్కడికి ఉత్తరాన, జిల్లా సరిహద్దు దాటగానే, మర్కూక్ దగ్గర 15 టిఎంసీల కొండపోచమ్మసాగర్‌ను 2020 మే 29న ప్రారంభించారు. మల్లన్నసాగర్ నుంచి నగరానికి మరో 20 టిఎంసీలు తెచ్చే పనికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన చేశారు. ఆ గొట్టాలూ ఈ దిక్కు నుంచే పోవాలి. గొట్టాల నమూనాలు ఖరారు కాకముందే చెరువుల దగ్గర తూములు పెట్టమని అడగాలి. తవ్వి పూడ్చిన తర్వాత అడిగితే ఏ ఇంజనీరూ వినడు.

అడిగేటప్పుడు చేతిలో కాగితం వుండాలి. మన ఊళ్ళో చెరువులెన్ని, ఏ పాటుకాలువ ఎక్కడ తెగింది, ఎన్ని బోర్లు ఎండాయి, వాటిలో కౌలుదారులు సాగు చేసేవి ఎన్ని. ఈ నాలుగూ గ్రామ రైతు సంఘం వారం రోజులు తిరిగితే రాసుకోగలదు. పాటుకాలువ పటం తహసీలు కార్యాలయంలో వుంటుంది, నకలు అడిగితే ఇవ్వాలి. పీపా కొలత మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. నారు పోసిన తర్వాత కొలిచి లాభం లేదు.